కలపడం మాత్రమే నేరం

గుట్కాను మళ్లీ నిషేధించారు. ఈ వార్త ఏ సంవత్సరానిదని అడగకండి, ఏ సంవత్సరానికైనా సరిపోతుంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 30వ సెక్షన్ కింద రాష్ట్ర ఆహార భద్రతా కమిషనర్ గారు విధించే నిషేధానికి ఆయుష్షు ఒక్క ఏడాదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో మొదలైన ఈ క్రతువు పంచాంగ శ్రవణంలా సాగుతూనే ఉంది. తెలంగాణలో 2024 మే నెలలో మరోసారి జరిపించారు. పంచాంగం విన్నాక ఎవరి ఆదాయ వ్యయాలూ మారనట్టే, కిళ్లీ కొట్టు ఆదాయమూ చెక్కుచెదరలేదు.

ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపరాదని 2011లో నిబంధన వచ్చింది. తయారీదారులు చట్టాన్ని గౌరవించేవారు కాబట్టి వెంటనే కలపడం మానేశారు. వక్క, సున్నం, కాచు, యాలకుల వాసన, గులాబీ పరిమళం ఒక ప్యాకెట్‌లో పెట్టారు. జర్దాను, అంటే నమిలే పొగాకును, పక్కన ఇంకో బుల్లి ప్యాకెట్‌లో పెట్టారు. ఉత్తర్వు రాసినవారు మాత్రం తక్కువ తిన్నారా? విడివిడిగా కట్టినా, కొనేవాడు సులువుగా కలుపుకునేలా అమ్మితే అదీ నిషేధమేనని రాశారు.

ఇక మిగిలింది ‘సులువుగా’ అంటే ఎంత సులువో తేల్చడమే. అందుకు ఒక బహిరంగ విచారణ జరపాలని నా వినతి. బడి పక్క కొట్టు ముందు అధికారి కుర్చీ వేసుకుని కూర్చుంటారు. తొమ్మిదో తరగతి కుర్రాడు వస్తాడు. “అంకుల్, ఒక జత” అంటాడు. ఏ జతో అంకుల్‌కు చెప్పనక్కరలేదు. కుర్రాడు పెద్ద ప్యాకెట్ మూలను పంటితో చించి, చిన్నదాన్ని అందులోకి వంచి, బొటనవేలితో మూతి మూసి నాలుగుసార్లు ఆడించి, తల వెనక్కి వాల్చి నోట్లో పోసుకుంటాడు. అధికారి పంచనామా రాస్తారు. మొదటి ప్యాకెట్: మౌత్ ఫ్రెషనర్, పొగాకు లేదు, సక్రమం. రెండో ప్యాకెట్: హెచ్చరిక బొమ్మ నిబంధన ప్రకారం 85 శాతం మేర ఉంది, సక్రమం. కుర్రాడి నోరు: లైసెన్సు లేని గుట్కా తయారీ కేంద్రం. సాక్షులు: పాన్ మసాలా ప్రకటనలోని కథానాయకుడు, పోస్టరులో నవ్వుతూ ఉన్నారు. కేంద్రానికి సీలు వేయాలని సిఫారసు చేయడమైనది.

ఆ సీలు వేయడానికి ప్రభుత్వం శ్రమపడనక్కరలేదు. అదే పడుతుంది. బుగ్గల లోపలి పొర తెల్లబారి, పట్టీలు పట్టీలుగా బిగుసుకుపోతుంది. మూడు వేళ్లు నిలువుగా పట్టాల్సిన నోట్లో ఒక్క వేలు పట్టడం కష్టమవుతుంది. పప్పన్నంలో కాస్త కారం తగిలినా నోరు భగ్గుమంటుంది. దీనికి మూలం పొగాకు కూడా కాదు, ‘సక్రమం’ అని రాసుకున్న ఆ మొదటి ప్యాకెట్‌లోని వక్క. వక్క క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే తేల్చింది. మన చట్టం గుట్కాలోంచి పొగాకు తీసేయించి, మిగతాదాన్ని యాలకుల వాసనతో సహా పిల్లవాడి చేతిలో పెట్టింది.

2019 నాటి ప్రపంచ యువ పొగాకు సర్వే ప్రకారం, దేశంలో 13–15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. నమిలే పొగాకు రుచి చూసినవారిలో సగం మంది పదేళ్లు నిండకముందే చూశారు. పదేళ్లు! ఉత్త పొగాకు నోట్లో పెడితే ఆ వయసు పిల్లవాడు ఉమ్మేస్తాడు. ఉమ్మేయకుండా ఉండడానికే ఆ గులాబీ, ఆ యాలకులు, ఆ తీపి. నలభై ఏళ్లుగా నములుతున్న తాతగారికి గులాబీ వాసన ఎందుకయ్యా? ఎవరి కోసం కలిపారో కలిపినవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలుసు, అనుమతించినవాడికీ తెలుసు.

సిగరెట్ల సంగతి ఇంకా ముచ్చటైనది. రుచులతో పిల్లలను లాగుతున్నాయని కూడా చెప్పి 2019లో ఈ-సిగరెట్లను మొత్తంగా నిషేధించారు. మంచిదే. అదే కొట్టులో, వేలితో నొక్కితే టిక్కుమని పుదీనా చల్లదనం వదిలే గోళీ సిగరెట్టు దర్జాగా దొరుకుతుంది. అమెరికా 2009లో పండ్ల రుచుల సిగరెట్లు ఆపి పుదీనాను వదిలేసింది. మనవాళ్లు ఆ పక్షపాతం కూడా చూపలేదు, అన్ని రుచులనూ సమానంగా వదిలేశారు. పైగా విడిగా ఒక్కటి కొంటే హెచ్చరిక బొమ్మ బెడద కూడా ఉండదు, అది పెట్టెతో పాటు కొట్టులోనే ఉండిపోతుంది.

బడికి వంద గజాల లోపు అమ్మినా, పద్దెనిమిదేళ్లు నిండనివారికి అమ్మినా 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం జరిమానా 200 రూపాయల వరకు. జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ ప్రకారమైతే పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. 2015 నుంచీ పుస్తకంలో ఉంది. సంబంధిత అధికారులకు ఎవరైనా ఈ కబురు చేరవేయగలరు. వెతుక్కోనక్కరలేదు, సాయంత్రం బడి వదిలే వేళకు ఆ కొట్టు దగ్గరే టీ తాగుతుంటారు.