‘ఏం గమనించారు?’ అని అడిగే కృత్యం గారికి

కృత్యం గారికి,

నమస్కారాలు. సైన్సు పుస్తకంలో, రసాయన పాఠం మధ్యలో, పిల్లలు చేసి చూడాల్సిన ప్రయోగంగా రంగు గడి కట్టుకుని కూర్చుని "ఏం గమనించారు?" అని ఎంత ఆత్రంగా అడుగుతారండీ మీరు! జవాబు వినే ఓపిక మాత్రం లేదు. గడి దాటితే చాలు, "నీలి లిట్మస్ ఎర్రగా మారడం మీరు గమనించి ఉంటారు" అనేస్తారు. గమనించి ఉంటారట! పిల్లలింకా ఆమ్లం సీసా మూతే తీయలేదు.

మీ దయవల్ల నా క్లాసు తెలివి మీరింది. మెగ్నీషియం రిబ్బన్ కాల్చాల్సిన రోజు స్పిరిట్ ల్యాంపు వెలగనే లేదు. అయినా నోటుబుక్కులన్నిట్లో మిరుమిట్లు గొలిపే కాంతి వచ్చింది, తెల్లపొడి మిగిలింది. మార్కులూ వేశాను, ఏం చేయను?

ఇక మీ కొవ్వొత్తి సంగతి. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గ్లాసు బోర్లించమంటారు. మంట ఆరుతుంది, నీరు పైకెక్కుతుంది. ఖర్చయిన ఆక్సిజన్ చోటులోకి నీరొచ్చిందని మీ తీర్పు. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం కాబట్టి లెక్కా ఇంచుమించు కుదిరిందంటారు. అందరూ తలూపారు, ఒక్క అమ్మాయి తప్ప.

"టీచర్, మండుతున్నంతసేపూ పెద్దగా కదలని నీళ్లు, ఆరిపోయాక గబగబా ఎక్కాయేం?"

అంతటితో ఆగిందా? ఎవరూ చెప్పకుండానే అదే గ్లాసు కింద రెండు కొవ్వొత్తులు పెట్టింది. నీరు ఇంకా పైకెక్కింది. రెండో కొవ్వొత్తి వచ్చిందని గాలిలో ఆక్సిజన్ పెరగదు కదండీ! మంట వేడికి వ్యాకోచించిన గాలి కొంత బుడగలై బయటికి పోతుంది. ఆరాక మిగిలింది చల్లబడి కుంచించుకుంటే, బయటి గాలి ఒత్తిడి నీటిని లోపలికి తోస్తుంది. కొవ్వొత్తి ఆరేసరికి ఆక్సిజన్‌లో చాలాభాగం గ్లాసులోనే ఉంటుంది కూడా. పరీక్షలో ఇదంతా రాస్తే మార్కులు మీ పక్షమే.

ప్రశ్న, పద్ధతి, జవాబు మూడూ ముందే చేతిలో పెట్టే ప్రయోగాలకు హెరాన్ అనే పరిశోధకుడు 1971లోనే, పిల్లల సొంత అన్వేషణ ఎంతో చెప్పే కొలబద్దపై సున్నా స్థాయి ఇచ్చారు. మీరేమో ఆ సున్నాలోనే కాలు మీద కాలేసుకుని, పైన ‘అన్వేషణ’ అని బోర్డు తగిలించుకున్నారు.

కొత్త ముద్రణలో ఆ ప్రశ్న కింద నాలుగు గీతలు ఖాళీగా వదలండి, చాలు. జవాబు ఎక్కడైనా నాలుగు పేజీల అవతల దాక్కోనివ్వండి.

ఉంటానండీ. ఆ అమ్మాయి మూడో కొవ్వొత్తి అడుగుతోంది, గ్లాసు ఇంకాస్త పొడుగుది కావాలట.

ఇట్లు,
రాని తెల్లపొడికి మార్కులేసిన సైన్సు టీచరు