ప్రియమైన వినియోగదారుకి, ప్రేమతో

ఆచార్యుల వారి వేసవి ప్రణాళిక ఎక్సెల్ షీట్‌లో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. 12 వారాలు, వారానికి 40 గంటలు, మొత్తం 480. అందులో పరిశోధనకి 240, వచ్చే సెమిస్టర్ పాఠాలకి 120, ఇంటికి 120. పరిశోధన నీలం, పాఠాలు పసుపు, ఇల్లు ఆకుపచ్చ. ఆ రంగులు ఎంచుకోడానికి పట్టిన గంటన్నర మాత్రం ఏ రంగు కిందా లేదు.

1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్నాళ్ళలో ముగిస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. పోనీ, అన్నీ వికటిస్తేనో అంటే 48.6 అన్నారు. చివరికి పట్టింది 55.5 రోజులు. ఆచార్యుల వారు ఈ లెక్కని ఏటా క్లాసులో చెబుతారు. పిల్లలు నవ్వుతారు, ఆయనా నవ్వుతారు. తర్వాత గదికెళ్ళి, షీట్ తెరిచి, "పేపర్ పూర్తి చేయడం: 3 వారాలు" అని నీలంలో రాసుకుంటారు.

షీట్‌లోకి ఎక్కనివి వేరే ఉన్నాయి. సప్లిమెంటరీ జవాబు పత్రాలు. పీహెచ్‌డీ విద్యార్థి "ఒక్కసారి చూస్తారా సార్" అని పంపే 70 పేజీల అధ్యాయం. రెండు వారాల్లో రివ్యూ చేసి పంపమనే జర్నల్ పేపర్లు. సిఫారసు ఉత్తరాలు: రాసేది ఒకటే అయినా ఎనిమిది విశ్వవిద్యాలయాలకి ఎనిమిది పోర్టళ్ళు, ఎనిమిది పాస్‌వర్డ్‌లు, ప్రతి చోటా "ఈ విద్యార్థి పై 5 శాతంలో ఉన్నారా, పై 10 శాతంలోనా" అనే ప్రశ్న. ఇవన్నీ వచ్చేది ఈమెయిల్ గుమ్మంలోంచే. కాబట్టి కాపలా అక్కడే పెట్టాలని ఆయనకి తోచింది.

ఇంతవరకూ తప్పేమీ లేదు. దాదాపు ప్రతి మెయిల్ సర్వీసులోనూ సెలవు జవాబు అనే సదుపాయం ఉంటుంది: మనం సెలవులో ఉన్నామని, ఉత్తరం రాసినవాళ్ళకి దానంతటదే చెబుతుంది. ఒక మీట నొక్కి, రెండు తేదీలు వేసి, రెండు వాక్యాలు రాస్తే అయిపోతుంది. దాని గొప్పతనమంతా జ్ఞాపకశక్తిలో ఉంది: ఎవరికి జవాబిచ్చిందో గుర్తుపెట్టుకుంటుంది. జీమెయిల్‌లో అయితే అదే మనిషి ఎన్ని ఉత్తరాలు రాసినా నాలుగు రోజులకి ఒక్కసారే జవాబు వెళ్తుంది. పాత యూనిక్స్ యంత్రాల్లోని 'వెకేషన్' ప్రోగ్రామ్‌లో ఆ గడువు మామూలుగా వారం. అంటే ఈ పని చేసిపెట్టే సామాను లోకంలో దశాబ్దాలుగా తయారుగా ఉంది.

కానీ జర్నల్ ఎడిటర్‌కీ, ఫెయిలైన విద్యార్థికీ, కన్నకూతురికీ ఒకే జవాబా? అంత ముతకగా ఉంటే ఇక ఆచార్యత్వం దేనికి? సెలవు జవాబుని పక్కనబెట్టి, సర్వర్‌లో నాలుగు రూల్స్ రాశారు. ఉత్తరంలో 'ప్రొఫెసర్' అని ఉంటే పరిశోధన: మర్యాదగా, నెల గడువు అడుగుతూ ఒక జవాబు. 'సార్' అని ఉంటే బోధన: మార్కుల గురించి అడగొద్దని ఇంకో జవాబు. ఆ రెండు మాటలూ లేకుండా 'ప్రియమైన' అని ఉంటే సొంతవాళ్ళు. ఈ మూడింటికీ చిక్కనిది నాలుగోది: పుస్తకాలు అమ్మేవాళ్ళు, డబ్బు కడితే ఏదైనా అచ్చేసే జర్నళ్ళు, ఊరూపేరూ లేని సదస్సులు. వీళ్ళకోసం గడ్డకట్టిన వాక్యం ఒకటి: "మీ ఆసక్తికి ధన్యవాదాలు. ప్రస్తుతం కొత్త ప్రతిపాదనలు స్వీకరించడం లేదు."

నాలుగిట్లో మూడోదానికి 40 నిమిషాలు పట్టింది. అది ఇలా ఉంది:

"నీ ఉత్తరం చూసి ఎంత సంతోషమైందో! ఇన్నేళ్ళూ పని పని అంటూ నిన్ను పట్టించుకోలేదు, నిజమే. ఈ వేసవి మాత్రం నీదే. సాయంత్రం ఆరు దాటితే ల్యాప్‌టాప్ మూసేస్తానని మాటిస్తున్నాను. ఆదివారం సాయంత్రం తప్పకుండా ఫోన్ చేస్తాను. అత్యవసరమైతే మొహమాటపడకుండా మళ్ళీ రాయి. ప్రేమతో."

విషయం పంక్తిలో "నీకోసమే" అని పెట్టారు. ఆ వేసవిలో ఆయన పూర్తిచేసిన ఏకైక రచన ఇది. పైగా రివ్యూ లేకుండా ప్రచురితమైంది.

రూల్ ద్వారా వెళ్ళే జవాబుకి సెలవు జవాబుకున్న జ్ఞాపకం లేదు. వచ్చిన ప్రతిదానికీ, వచ్చిన ప్రతిసారీ పంపుతుంది. పరీక్షించి చూసుకోవాలంటే వేరే చిరునామా నుంచి వరసగా రెండు ఉత్తరాలు పంపాలి. ఒకటి పంపితే రూల్ పనిచేస్తోందని మాత్రమే తెలుస్తుంది. ఆగుతుందో లేదో తెలిసేది రెండోదానితోనే. ఆచార్యుల వారు ఒకటే పంపారు. పనిచేసింది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి, మాటిచ్చినట్టే, ల్యాప్‌టాప్ మూసేశారు.

రాత్రి 10 గంటలకి సంస్థ హెల్ప్‌డెస్క్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. "ప్రియమైన వినియోగదారు, ఇది ఆఖరి హెచ్చరిక. ఆదివారం అర్ధరాత్రితో మీ పాస్‌వర్డ్ గడువు ముగుస్తుంది."

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ రోజుల్లో 'ప్రియమైన' అని ఎవరు రాస్తున్నారు? చుట్టాలు "ఎక్కడున్నావ్?" అంటారు. స్నేహితులు అదీ అనరు, బొటనవేలు బొమ్మ పంపుతారు. ఇంట్లోవాళ్ళ ఉత్తరాలకి సంబోధనే ఉండదు, నేరుగా క్రియాపదంతో మొదలవుతాయి. మనిషిని పట్టుకుని 'ప్రియమైన' అనేవి ఇక బ్యాంకులు, బీమా కంపెనీలు, హెల్ప్‌డెస్కులు మాత్రమే. ముఖం ఎరగనివాళ్ళకే ప్రేమ మిగిలింది. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినా ఆ సంస్థ లెక్కల్లో ఆయన ప్రొఫెసరూ కాదు, సారూ కాదు, ఉత్త వినియోగదారు. ఆ ఒక్క మాట మర్యాదగా రాసుంటే మొదటి రూలు పట్టుకునేది, నెల గడువు అడిగి ఊరుకునేది... అబ్బే, అదీ ప్రతిసారీ అడిగేదే అనుకోండి. అయినా పరువు దక్కేది.

సరే, 'ప్రొఫెసర్' లేదు, 'సార్' లేదు, 'ప్రియమైన' ఉంది. మూడో రూలు లేచింది. "నీ ఉత్తరం చూసి ఎంత సంతోషమైందో!"

హెల్ప్‌డెస్క్ యంత్రం తన పెట్టెని 5 నిమిషాలకోసారి తెరిచి చూస్తుంది. 10:05కి చూసింది. విషయం పంక్తిలో టికెట్ సంఖ్య ఉంటే పాత ఫిర్యాదులో కలుపుతుంది, లేకపోతే కొత్తది తెరుస్తుంది. "నీకోసమే" అన్నదాంట్లో సంఖ్య ఏముంటుంది? కొత్త టికెట్ తెరిచింది. "ప్రియమైన వినియోగదారు, మీ అభ్యర్థన అందింది. మీ టికెట్ సంఖ్య 40118. మా ప్రతినిధి 2 పని దినాల్లో మిమ్మల్ని సంప్రదిస్తారు."

"ఇన్నేళ్ళూ పని పని అంటూ నిన్ను పట్టించుకోలేదు, నిజమే."

10:10. "ప్రియమైన వినియోగదారు, మీ అభ్యర్థన అందింది. మీ టికెట్ సంఖ్య 40119."

"ఈ వేసవి మాత్రం నీదే."

"మీ సమస్య మాకు ముఖ్యం. టికెట్ సంఖ్య 40120."

"అత్యవసరమైతే మొహమాటపడకుండా మళ్ళీ రాయి."

మొహమాటపడకుండా మళ్ళీ రాసింది. రాత్రంతా రాసింది. ఒకరు మాటిస్తారు, ఇంకొకరు నంబరిస్తారు. అర్ధరాత్రి దాటింది, తెల్లారింది, శనివారం మధ్యాహ్నమైంది. ఆ ఇద్దరి మధ్య ఒక్క పొల్లుమాట లేదు, అలక లేదు, ఆలస్యం లేదు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తానన్న మాటని ఆదివారం రాత్రి పదకొండింటికి కూడా అంతే నమ్మకంగా ఇచ్చారు. గంటకి 12 ఉత్తరాలు. హెల్ప్‌డెస్క్ పనివేళలు సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా. అంటే సోమవారం తొమ్మిదికి మనుషులొచ్చేసరికి 59 గంటలు గడిచాయి. 708 టికెట్లు. చివరిది 40825.

అదృష్టం ఏమిటంటే, టికెట్‌కి ఒకటే రసీదు వెళ్ళింది. కొన్ని చోట్ల "అందింది" అని ఒకటి, "ఫలానావారికి అప్పగించాం" అని ఇంకొకటి పంపుతారు. అలాగైతే 5 నిమిషాలకోసారి రెట్టింపయ్యేవి, మొదటి టికెట్ పుట్టాక గంట తిరిగేసరికి ఒక్క విడతలోనే 4096 కొత్త టికెట్లు పుట్టేవి.

ఇది జరక్కుండా ఉండే దారి ఎప్పుడో చెప్పారు. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3834 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఉన్నదే దీనికోసం: యంత్రం పంపే ఉత్తరం తలకట్టులో 'ఆటో-సబ్మిటెడ్' అనే పంక్తి పెట్టాలి, ఆ పంక్తి కనిపిస్తే అవతలి యంత్రం నోరు మూసుకోవాలి. హెల్ప్‌డెస్క్ రసీదులో ఆ పంక్తి లేదు. ఆచార్యుల వారి రూలు చూడనూ లేదు. ఇద్దరిలో ఒకరు ఆ పంక్తి పెట్టి, రెండోవారు దాన్ని చూసుంటే సరిపోయేది. మనకి... అదే, ఆయనకి ఆ పత్రం గురించి తెలీదా అంటే, నెట్‌వర్క్స్ క్లాసులో చెప్పేది ఆయనే.

పోనీ, సొంతవాళ్ళేమైనట్టు? శనివారం కూతురు రాసింది: "హాస్టల్ ఫారం జత చేశా. సంతకం పెట్టి పంపు. సోమవారం ఆఖరు." ప్రొఫెసర్ లేదు, సార్ లేదు, ప్రియమైన కూడా లేదు. "మీ ఆసక్తికి ధన్యవాదాలు. ప్రస్తుతం కొత్త ప్రతిపాదనలు స్వీకరించడం లేదు." ఆ పిల్ల మళ్ళీ రాసింది: "నాన్నా, ఇది నేను." రూలు చలించలేదు. మూడోసారి వాళ్ళమ్మ రాసింది. ఆవిడ ప్రతిపాదనా స్వీకరించలేదు.

సోమవారం 9:10కి హెల్ప్‌డెస్క్ కుర్రాడు ఫోన్ చేశాడు.

"సార్, ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తానన్నారండి."

"ఎవరికి?"

"మాకేనండి. 708 సార్లు అన్నారు. ఏమైనా ఇబ్బందా సార్?"

గొంతులో వెటకారం లేదు. అదే ఎక్కువ బాధ. ఆ ప్రేమలేఖని ఆ గదిలో ఎంతమంది చదివారో అడిగే ధైర్యం ఆచార్యుల వారికి చాల్లేదు. వాళ్ళ తెర మీద అదే పైన ఉందట. ఎందుకంటే ఉత్తరంలో 'అత్యవసర' అన్న మాట కనిపిస్తే యంత్రం దానికి మొదటి ప్రాధాన్యం ఇస్తుంది. కాబట్టి 708 అత్యవసర టికెట్లు ముందు వరసలో, మిగతా సంస్థంతా వాటి వెనక. ఆ వెనకాల్లో ఆచార్యుల వారి అసలు టికెట్ ఒకటుంది: స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ పొడిగించమని మార్చిలో పెట్టింది. రసీదు 5 నిమిషాల్లో వచ్చింది. ఆ 2 పని దినాలు మాత్రం ఇంకా గడవలేదు. నీలం రంగు 240 గంటల్లో సగం ఆ లైసెన్స్ మీదే ఆధారపడి ఉన్నాయి.

"ఆ రూల్ తీసేయండి సార్, ఈలోగా మేం వీటిని మూసేస్తాం" అన్నాడు.

ల్యాప్‌టాప్ తెరిచారు. పాస్‌వర్డ్ గడువు ముగిసింది, ఆదివారం అర్ధరాత్రితో. లోపలికి వెళ్ళలేరు. సర్వర్‌లో పెట్టిన రూల్‌కి మాత్రం పాస్‌వర్డ్‌తో పనిలేదు. యజమాని గుమ్మం బయట నిలబడ్డా అది లోపల నిక్షేపంగా ఉద్యోగం చేసుకుంటుంది. మెయిల్ సర్వర్ తమ చేతిలో లేదని, అది వేరే విభాగమని, వాళ్ళకైనా టికెట్ ద్వారానే చెప్పాలని కుర్రాడు చాలా ఓపిగ్గా వివరించాడు.

ఆ వివరణ సాగుతుండగానే పక్క సీటాయన 708 టికెట్లనీ ఒకేసారి ఎంచుకుని, "పరిష్కరించబడింది" నొక్కాడు. ఒక్కోదానికీ ఒక్కో ఉత్తరం బయల్దేరింది. "ప్రియమైన వినియోగదారు, మా సేవ మీకు నచ్చిందా? 5 నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు?"

"నీ ఉత్తరం చూసి ఎంత సంతోషమైందో!" 708 సార్లు, ఒక్క విడతలో. 9:25కి 708 కొత్త టికెట్లు, 708 రసీదులు. 9:30కి ఇంకో 708.

ఫోన్‌లో కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

"బాబూ, ముందు ఆ పాస్‌వర్డ్ మార్చాలంటే ఏం చెయ్యాలి?"

"టికెట్ పెట్టాలి సార్. మీ మెయిల్ నుంచి ఓ ఉత్తరం పంపితే చాలండి."