బాతుగుడ్డు నిజమే, మరి ఫ్రెంచి గుడ్డు?

గత వేసవిలో ఒక శనివారం క్రికెట్ మ్యాచ్‌లో మా మిత్రుడొకరు తొలి బంతికే అవుటై వచ్చి నీడపట్టున కూలబడ్డారు. స్కోరు పుస్తకం రాస్తున్న పన్నెండేళ్ళ కుర్రవాడు ఆయన పేరు పక్కన పెన్సిలుతో నిండుగా ఒక సున్నా చుట్టి, తలెత్తి, “బాబాయ్, డక్ అంటే బాతే కదా, అవుటైతే బాతు అనడమెందుకు?” అని నన్నడిగాడు. అడగడమే ఆలస్యం, తలో సమాధానం వచ్చింది. సున్నాకే అవుటైనవాడి నడక బాతు నడకలా ఉంటుందని ఒకరన్నారు. బౌన్సరుకు తల వంచడాన్ని డక్ చేయడమంటారు కనుక అదే దీనికి మూలమని మరొకరు వాదించారు. ఇదంతా గుడ్డు కథేననీ, ఫ్రెంచివాళ్ళు గుడ్డును ‘లఫ్’ అంటారనీ, టెన్నిస్‌లో సున్నాను ‘లవ్’ అనడం కూడా అందుకేననీ మూడో ఆయన తేల్చేశారు. మా జట్టులో అందరికన్నా పెద్దాయన మాత్రం అందరి మాటా ఓపిగ్గా విని, ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడిగారు: “ఏ సంవత్సరంలో?”

మాటల పుట్టుక మీద అభిమానుల మధ్య సాగే ఇలాంటి సరదా వాదులాట మన క్రీడాభిమానంలో ఎంతో విలువైన భాగమని నేను నమ్ముతాను. ఎవరెన్ని పరుగులు చేశారో మరుసటి వారానికి మరచిపోతాం కానీ, ఎవరు ఏ మాటకు ఏ కథ చెప్పారో ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. అందుకే ఆ పెద్దాయన ప్రశ్న మన వాదులాటలన్నిటిలోకీ రావాలని నా కోరిక. కథలు చెప్పుకోవద్దని నేననడం లేదు. ఆధారమున్న కథనూ ఆధారం లేని కథనూ ఒకే గొంతుతో చెబితే, పక్కన కూర్చుని వింటున్న పిల్లలకు ఆ రెండింటి మధ్య తేడా తెలిసే దారి మూసుకుపోతుందన్నదే నా బాధ.

ఆ రోజు తేలిన సంగతే చూడండి. క్రికెట్‌లో గుడ్డు కథ నిజం. సున్నా ఆకారాన్ని బట్టి మొదట ‘బాతుగుడ్డు’ అనేవారు, తరవాత గుడ్డు రాలిపోయి బాతు మిగిలింది. 1866లో ఇంగ్లండ్ యువరాజు పరుగులేమీ చేయకుండా అవుటైతే, ఆయన బాతుగుడ్డుతో వెనుదిరిగాడని అప్పటి పత్రిక ఒకటి రాసింది. పరీక్షలో సున్నా వస్తే ‘గుడ్డు పెట్టాడు’ అనే మనకు ఈ పోలిక ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. టెన్నిస్ దగ్గరకు వచ్చేసరికి అదే గుడ్డు నిలబడదు. ఫ్రెంచివాళ్ళు తమ టెన్నిస్ లెక్కలో సున్నాను సున్నా అనే అంటారు, గుడ్డు అనరు. ఇంగ్లీషులో పందెం లేకుండా ఊరికే ఆడటాన్ని ప్రేమకోసం ఆడటం అనేవారు. పద్దెనిమిదో శతాబ్దంలోనే విస్ట్ అనే పేకాటలో ఏమీ రానివాడి లెక్కను ‘లవ్’ అని చెప్పేవారు. పచ్చిక మీద ఆడే టెన్నిస్‌కు వింగ్‌ఫీల్డ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నది 1874లో. అంటే ఆ మాట ఈ ఆటలోకి రావడానికి ఫ్రెంచి గుడ్డు అవసరమే లేదు. ఒకేలాంటి రెండు కథల్లో ఒకటి నిలిచి మరొకటి కూలిపోవడం చూసిన ఆ కుర్రవాడి కళ్ళలో మెరుపు నాకు ఇంకా గుర్తుంది.

సంవత్సరం అడగగానే కూలిపోయే కథలు ఇంకా ఉన్నాయి. ‘పెద్దమనుషులకు మాత్రమే, ఆడవారికి ప్రవేశం లేదు’ అనే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలతో ‘గోల్ఫ్’ పుట్టిందని ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. స్కాట్లండ్ పార్లమెంటు 1457లోనే గోల్ఫ్‌ను, ఫుట్‌బాల్‌ను నిషేధిస్తూ చట్టం చేసింది, అందులో ఆ పేరు అప్పటికే ఉంది. తొలి అక్షరాలు కలిపి మాటలు చేసే అలవాటు ప్రబలింది ఇరవయ్యో శతాబ్దంలో. టెన్నిస్‌లో పదిహేను, ముప్ఫై, నలభై అనే లెక్క గడియారపు ముల్లు నుంచి వచ్చిందన్న కథా అంతే. పదిహేనుల లెక్క పదిహేనో శతాబ్దపు రచనల్లోనే కనిపిస్తుంది, గడియారాలకు నిమిషాల ముల్లు మామూలైంది పదిహేడో శతాబ్దపు చివరి కాలంలో.

అయితే ఈ ప్రశ్న కథలను చంపుతుందని ఎవరైనా అనుకుంటే వారికి వికెట్ సంగతి చెబుతాను. ఇంగ్లీషులో వికెట్ అంటే చిన్న వాకిలి. మన తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే మాట ‘దిడ్డి’. కోట తలుపు మూసి ఉన్నప్పుడు మనిషి ఒంగి దూరడానికి ఆ తలుపులోనే ఉండే చిన్న ద్వారం అది. మొదట్లో క్రికెట్‌లో రెండే కర్రలు నాటి, వాటి మీద అడ్డంగా ఒక పుల్ల పెట్టేవారు. చూడటానికి అచ్చం దిడ్డిలాగే ఉండేది. 1775 మే నెలలో లండన్‌లోని ఆర్టిలరీ మైదానంలో లంపీ స్టీవెన్స్ వేసిన బంతి మూడుసార్లు జాన్ స్మాల్‌ను దాటి, రెండు కర్రల నడుమ నుంచి, ఏ కర్రనూ తాకకుండా, పైనున్న పుల్లను కదల్చకుండా వెళ్ళిపోయింది. బౌలరు గెలిచినా బ్యాటరు అవుట్ కాలేదు. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికే మధ్యలో మూడో కర్ర వచ్చింది. ఈ సంగతి తెలిశాక, ‘వికెట్ కూలింది’ అని మన వ్యాఖ్యాతలు అన్నప్పుడల్లా నాకు కోట దిడ్డి విరిగిపడినట్టే వినిపిస్తుంది. ఏ కట్టుకథ ఇంత అందంగా ఉంటుంది?

హ్యాట్రిక్ కథ కూడా నిలిచేదే. 1858లో షెఫీల్డ్‌లో హెచ్. హెచ్. స్టీఫెన్‌సన్ వరుసగా మూడు బంతులకు మూడు వికెట్లు తీస్తే, అక్కడివారు చందా వేసుకుని ఆయనకు టోపీ కొనిచ్చారు. లెగ్ స్పిన్‌లా వేసినా ఎదురు దిక్కుకు తిరిగే గూగ్లీ బంతిని ఇంగ్లండ్ బౌలరు బోసాంకే 1900లో లార్డ్స్‌లో వేసినప్పుడు, ఆ బంతి నాలుగుసార్లు నేలను తాకి వెళ్ళి, 98 పరుగుల మీదున్న శామ్యూల్ కో అనే బ్యాటరును బలిగొంది. ఆస్ట్రేలియావాళ్ళు ఆ బంతిని ఆయన పేరుతోనే ‘బోజీ’ అన్నారు. ఆఫ్ స్పిన్‌లా వేసినా ఎదురు దిక్కుకు తిరిగే దూస్రా అయితే మన కళ్ళ ముందే పుట్టిన మాట. ‘రెండోది వెయ్యి’ అని వికెట్ల వెనక నుంచి మొయిన్ ఖాన్ ఉర్దూలో సక్లైన్ ముస్తాక్‌కు వేసిన కేకలోని మాటను వ్యాఖ్యాత టోనీ గ్రెగ్ పట్టుకుని ప్రపంచమంతటికీ పరిచయం చేశాడు.

మన పిల్లల మధ్య తరచు రేగే గొడవ ఫుట్‌బాల్‌కున్న మరో పేరు ‘సాకర్’ గురించి. అది అమెరికావాళ్ళు పాడుచేసిన పేరని ఎద్దేవా చేసేవారు మనలో చాలామంది ఉన్నారు. నిజానికది ఇంగ్లండ్ కుర్రాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు. 1863లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడ్డాక, రగ్బీ నుంచి వేరుగా చెప్పడానికి ‘అసోసియేషన్’ అన్న మాట నడుమ భాగాన్ని తీసుకుని, రగ్బీని ‘రగ్గర్’ చేసినట్టే దీన్ని ‘సాకర్’ చేశారు. ఇంగ్లండ్‌లోనే దశాబ్దాల పాటు వాడుకలో ఉన్న మాట అది. కనుక ఈ ఒక్క విషయంలో ఎద్దేవా మానుకోవడం న్యాయం.

మాటల తరవాత నాకు అంత ఇష్టమైనవి అభిమానుల పిచ్చి సామెతలు. ‘వికెట్లు పడకపోతే మ్యాచ్ మనదే’, ‘ఇంకో పది పరుగులు చేసుంటే గెలిచేవాళ్ళం’ లాంటివి. వీటిలో కొత్త విషయమేదీ లేదని తేలిగ్గా తీసిపారేస్తారు. కానీ జర్మన్ ఫుట్‌బాల్ శిక్షకుడు సెప్ హెర్బెర్గర్ పేరు నిలిచింది ‘బంతి గుండ్రంగా ఉంటుంది’ అన్న మాటతోనే. 1954 ప్రపంచకప్ తొలి దశలో హంగరీ చేతిలో 8-3 తేడాతో ఓడిన ఆయన జట్టు, అదే హంగరీని ఫైనల్లో 3-2తో ఓడించింది. గుండ్రటి బంతి ఎటైనా దొర్లుతుందనే మాటకు ఇంతకన్నా రుజువేం కావాలి? బేస్‌బాల్‌లో యోగీ బెర్రా పేరిట చెప్పుకునే ‘అయిపోయేదాకా అయిపోయినట్టు కాదు’ అన్న మాటా అలాంటిదే. 1973లో ఆయన శిక్షణలోని మెట్స్ జట్టు తన విభాగంలో అట్టడుగు నుంచి లేచి, విభాగాన్ని గెలిచి, వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళింది. తెలిసిన విషయాన్నే తెలిసిన మాటల్లో చెప్పుకోవడంలో, ఓడిపోతున్న సాయంత్రం పదిమందినీ టీవీ ముందు కూర్చోబెట్టే ధైర్యం ఉంది.

మన సామెతల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ‘ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు’. పిచ్ మీద, మంచు మీద, అంపైరు మీద నెపం వేసేవారికి ఇంతకన్నా తగిన మాట ఏ భాషలోనైనా ఉందా అని నా అనుమానం. ఎందుకంటే నాట్యం చేసినా ఆట ఆడినా మనకు ‘ఆడటమే’. పైగా ‘ఓడు’ అంటే పగిలినదీ అవుతుంది, ఓడిపోవడమూ అవుతుంది. మద్దెల ఓడు అన్నవాడు తెలియకుండానే తన ఓటమిని ఒప్పుకుంటున్నాడు. ఇలాంటి మాటను ఇంగ్లీషులోకి మార్చి పిల్లలకు చెప్పబోయి నేను చాలాసార్లు విఫలమయ్యాను. చివరికి తెలుగులోనే చెప్పి, ‘ఓటి కుండ’ అంటే ఏమిటో వివరిస్తే, వాళ్ళే పకపకా నవ్వారు.

‘మట్టి కరిపించారు’ అని క్రీడా వార్తల్లో రాసేటప్పుడు కుస్తీ గోదాలో బోర్లా పడినవాడి పళ్ళకు అంటిన మట్టిని ఎవరూ తలచుకోరు. ‘బౌలర్లను చెడుగుడు ఆడుకున్నాడు’ అన్నప్పుడు గుక్క తిప్పుకోకుండా పెట్టే ఆ కూతే ఆటకు పేరైన సంగతి గుర్తు చేస్తే ఎంత బాగుంటుంది! అలాగని దొరికిన ప్రతి పోలికా చుట్టరికం కాదు. ఒకసారి ఫుట్‌బాల్ చూస్తూ, గోల్ పడగానే జనం చేసేది కనుక ‘గోల’ అనే మాట వచ్చిందని ఒక మిత్రుడు గట్టిగా వాదించాడు. ఫుట్‌బాల్ మన దాకా రాకముందే మనకు గోల ఉంది. ఆ సంగతి చెబితే ఆయన నొచ్చుకోలేదు, మరింత పెద్దగా గోల చేశాడు.

నొచ్చుకునే మాటలు మాత్రం వేరే ఉన్నాయి, వాటి విషయంలో సరదాకు హద్దు ఉండాలి. ఎడమచేతి మణికట్టు స్పిన్నరు వేసే బంతిని చాలాకాలం ‘చైనామన్’ అన్నారు. 1933లో మాంచెస్టర్‌లో చైనా సంతతికి చెందిన ట్రినిడాడ్ బౌలరు ఎలిస్ అచాంగ్ చేతిలో స్టంపౌటైన వాల్టర్ రాబిన్స్, ఒక చైనావాడి చేతిలో దెబ్బతిన్నానని ఈసడించడంతో ఆ పేరు వచ్చిందని కథ. ఆ మాట 1920లలోనే వాడుకలో ఉంది కనుక కథ నిలవదు, కానీ ఈసడింపు మాత్రం ఆ మాటను అంటుకునే ఉంది. ఏటా వెలువడే క్రికెట్ గ్రంథం విజ్డెన్ 2018 సంచిక నుంచి దాన్ని వదిలేసి సూటి వర్ణనను వాడటం సరైన పని. పరాయి దేశాల్లో పేర్లు పెట్టించుకున్న అనుభవం ఉన్న మనం ఈ విషయంలో అందరికన్నా ముందుండాలి.

మళ్ళీ ఆ శనివారానికి వస్తాను. ఆట చివరి దశలో మా స్కోరు 111కు చేరింది. క్రికెట్ అభిమానులు దాన్ని ‘నెల్సన్’ అంటారు, ఇంగ్లండ్ నావికాదళాధిపతి నెల్సన్‌కు ఒకే కన్ను, ఒకే చెయ్యి, ఒకే కాలు ఉండేవని చెబుతారు. ఆ స్కోరు కదిలేదాకా అంపైరు డేవిడ్ షెపర్డ్ ఒంటికాలి మీద గెంతేవాడు. 2011 నవంబరు 11న కేప్‌టౌన్‌లో గడియారం 11 గంటల 11 నిమిషాలు చూపినప్పుడు దక్షిణాఫ్రికా గెలుపుకు సరిగ్గా 111 పరుగులు కావలసి రావడంతో, ప్రేక్షకులతో పాటు అంపైరు ఇయన్ గూల్డ్ కూడా ఒక కాలు ఎత్తాడు. మా పెద్దాయన కూడా నా భుజం పట్టుకుని ఎడమ కాలు పైకెత్తారు. ఆయన్ను చూసి మేమందరం ఎత్తాం. అప్పటికే ఫోనులో వెతికి చూసిన మా స్కోరరు, “తాతగారూ, 1794లో ఒక కంటి చూపు పోయింది, 1797లో చెయ్యి పోయింది, కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి!” అన్నాడు. “ఉన్నాయి నాన్నా, పోయేదాకా రెండూ ఉన్నాయి,” అన్నారాయన, కాలు దించకుండానే. కుర్రవాడు కాసేపు ఆలోచించి, స్కోరు పుస్తకం గడ్డి మీద పెట్టి, తనూ ఒక కాలు ఎత్తాడు.