కరెంటు కాలువ నీళ్లు కాదు: ఆ '5 నిజాల' మెసేజ్‌లో ఉన్నదెంత?

టెన్త్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే చాలు, మా మిర్యాలగూడ వైపు పేరెంట్స్ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తిరగడం మొదలవుతుంది. 'కరెంటు గురించి పుస్తకాల్లో చెప్పని 5 నిజాలు' అని పేరు, కింద 'మీ పిల్లలకు తప్పక చూపించండి' అని ఒక దండం బొమ్మ. ఈసారి మా క్లాసు పిల్లగాడొకడు దాన్ని ఏకంగా నోట్సులోకి ఎక్కించి తెచ్చాడు, ఇక ఊరుకోలేక రాస్తున్నా. అయిదింట్లో ఒకటి సగం నిజం, మిగతావి తప్పు. చివరిదైతే ప్రాణాల మీదికి తెచ్చేది.

మొదటిది. 'బల్బు కరెంటును వాడేసుకుంటుంది. కాలువ నీళ్లు చివరి మడికి తక్కువ అందినట్టే, సిరీస్‌లో చివరి బల్బు డిమ్ముగా వెలుగుతుంది' అట. సిరీస్ అంటే బల్బులను ఒకదాని వెనక ఒకటిగా ఒకే తీగలో కలపడం. సాగర్ ఎడమ కాలువ కింద నీళ్ల కోసం ఎదురుచూసే చివరి ఆయకట్టు రైతును చూసినవాళ్లకు ఈ పోలిక ఇట్టే ఎక్కుతుంది. కానీ మడిలోకి పోయిన నీళ్లు వెనక్కి రావు, కరెంటు మాత్రం బయలుదేరిన చోటికి తిరిగి రావాల్సిందే, లేకపోతే అది వలయమే కాదు. పోలిక కావాలంటే పిండి గిర్నిలో బెల్టును చూడండి. మోటారు దగ్గర ఎంత బెల్టు పోతుందో రాయి దగ్గరి నుంచి అంతా తిరిగొస్తుంది, జానెడు కూడా తగ్గదు, అయినా జొన్నలు పిండి అవుతూనే ఉంటాయి. బల్బు తీసుకునేది శక్తిని, కరెంటును కాదు.

క్లాసులో 4 సెల్లులు, 3 టార్చి బల్బులు సిరీస్‌లో కలిపించాను. నిజంగానే చివరిది డిమ్ముగా వెలిగింది! 'చూశారా సార్' అని ఒకటే గోల. ఆ బల్బును తీసి మొదట్లో పెట్టమన్నాను. అక్కడా డిమ్మే. అప్పుడు దాని ఇత్తడి అంచును కిటికీ వెలుతురుకు తిప్పి చదివితే తేలింది, మిగతా రెండూ 2.5 వోల్టులు 0.2 ఆంపియర్లవి, ఇదొక్కటే 0.3ది. అదే వోల్టేజీకి ఇది ఎక్కువ కరెంటు పోనిస్తుంది, అంటే నిరోధం తక్కువ, కాబట్టి సిరీస్‌లో దాని వాటాకు తక్కువ వోల్టేజీ వచ్చింది, అంతే. కరెంటు కొలిచే అమ్మీటరును మొదట్లో, మధ్యలో, చివర మార్చి మార్చి పెడితే ముల్లు ఒకే గీత మీద నిలబడింది.

మరి ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇంట్లో లైటు గుడ్డిగా ఎందుకు వెలుగుతుందని ఒక తండ్రి అడిగాడు, మంచి ప్రశ్నే. ఇళ్లు సిరీస్‌లో ఉండవు, సమాంతరంగా ఉంటాయి, అంటే ప్రతి ఇల్లూ అవే రెండు తీగలకు విడివిడిగా కలిసి ఉంటుంది. అయితే తీగకూ నిరోధం ఉంటుంది కదా. పోను రాను తీగ నిరోధం అర ఓము అనుకోండి, అందులో చివరిదాకా 40 ఆంపియర్లు పోతుంటే 20 వోల్టులు తీగ మీదే పడిపోయి, 230కి బదులు 210 మాత్రమే అందుతుంది. లో వోల్టేజీ అంటే ఇదే.

రెండోది, స్విచ్ వేయగానే ఎలక్ట్రాన్లు కాంతి వేగంతో బల్బుదాకా ఉరుకుతాయట. 1 చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం ఉన్న రాగి తీగలో 1 ఆంపియర్ పోతుంటే ఎలక్ట్రాన్లు సగటున ముందుకు జరిగే వేగం (డ్రిఫ్ట్ వేగం) సెకనుకు సుమారు 0.07 మిల్లీమీటరు, అంటే ఒక మీటరు దాటడానికి దాదాపు 4 గంటలు! ఇంట్లో వచ్చేది ఏసీ కాబట్టి అవి అంత దూరం కూడా పోవు, ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతాయి. తీగ నిండా ఎలక్ట్రాన్లు ముందే ఉన్నాయి, విద్యుత్ క్షేత్రం వేగంగా పాకి అన్నింటినీ దాదాపు ఒకేసారి కదిలిస్తుంది.

మూడోది, కరెంటు తీగ మీద వాలిన పిట్ట సంగతి. దాని కాళ్ల చర్మానికి షాక్ కొట్టదట. చర్మంలో మహిమేం లేదు, రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉన్నాయి, వాటి మధ్య పొటెన్షియల్ భేదం (వోల్టేజీ తేడా) దాదాపు సున్నా. అదే పిట్ట రెక్క ఇంకో తీగకు తగిలితే అక్కడికక్కడే పడిపోతుంది.

నాలుగోది సగం నిజం: 'చంపేది వోల్టులు కాదు, ఆంపియర్లు.' సరే, ఆ ఆంపియర్లను ఒంట్లోకి తోసేది ఎవరు? ట్రాక్టర్ బ్యాటరీ స్టార్టింగ్‌లో వందల ఆంపియర్లు ఇస్తుంది, పొడి చేతులతో దాని రెండు టెర్మినళ్లూ పట్టుకున్నా షాక్ తగలదు, ఎందుకంటే 12 వోల్టులు చర్మం నిరోధాన్ని దాటలేవు. తడి ఒంటి నిరోధం 1000 ఓములనుకుంటే 230 వోల్టులు 230 మిల్లీఆంపియర్లు తోస్తాయి. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) 30 మిల్లీఆంపియర్లు లీకైతేనే ట్రిప్ అయ్యేలా ఎందుకు పెడతారో ఇక అర్థమయ్యే ఉంటుంది. సాకెట్ మీద 5 ఆంపియర్లు అని ఉందని చేయి పెట్టొచ్చనుకోకండి, అది సాకెట్ తట్టుకునే హద్దు మాత్రమే.

అయిదోది: 'ఫీజు మాటిమాటికీ పోతుంటే 2 పోగుల రాగి తీగ కట్టండి, పవర్ పెరుగుతుంది.' ఏమీ పెరగదు. ఫీజు ఉన్నదే కాలిపోవడానికి. కరెంటు రెండింతలైతే తీగలో వేడి నాలుగింతలు అవుతుంది, ఆ వేడికి ముందుగా కరగాల్సింది ఫీజు, అది కరగకపోతే గోడలోని వైరో మోటారు వైండింగో కాలుతుంది. మా చిన్నాయన బోరు దగ్గర అదే అయింది. మూడు ఫేజుల్లో ఒకటి పోయింది, మిగతా రెండింటి మీద మోటారు ఎక్కువ కరెంటు లాగింది, ఫీజు పోలేదు, వైండింగ్ నల్లబొగ్గయింది. ఆయన కట్టిన ఆ రాగి పోగులు ఇప్పటికీ పాత స్టార్టర్ డబ్బాలోనే ఉన్నాయి, కొత్తవాటిలా మెరుస్తూ.