మోనే బొమ్మలు మసకగా ఉన్నది కళ్ళ జబ్బు వల్ల కాదు

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోడ్ మోనే గురించి ఒక మాట తెగ షేర్ అవుతోంది. ఆయన కళ్ళలో శుక్లాలు ఉండేవట, అదే క్యాటరాక్ట్, అందుకని లోకమంతా ఆయనకి మసకగా కనపడేదట, కనపడింది కనపడినట్టు వేసేస్తే జనం దాన్ని ఒక చిత్రకళా శైలి చేసి ఇంప్రెషనిజం అని పెద్ద పేరు పెట్టేశారట. దీనికి తోడు ఒక్కో బొమ్మ గంటలో ముగించేవాడని, లండన్ మీద వేసిన ఆ ఊదా, నారింజ ఆకాశాలన్నీ ఊహే అని కూడా అంటున్నారు. చెప్పడానికి ఈజీగా ఉంటుంది కాబట్టి చాలామంది నమ్మేస్తున్నారు, కానీ జీవితమంతా వెలుతురు వెంట పడిన మనిషి పనిని ఇలా మెడికల్ రిపోర్టులో పెట్టి మూసెయ్యడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ముందు సంవత్సరాలు చూడండి, సగం వాదన అక్కడే పోతుంది. మోనే పుట్టింది 1840లో. ఇంప్రెషనిజానికి పేరు తెచ్చిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్' 1872 నాటిది, లె హావ్ర్ రేవులో పొద్దున్నే కనపడే దృశ్యం, 1874లో పారిస్ ఎగ్జిబిషన్‌లో పెట్టారు. పారిస్ సెయింట్ లాజార్ రైల్వే స్టేషన్‌లో ఇంజిన్ ఆవిరి, గాజు కప్పు లోంచి పడే ఎండ కలిపి వేసిన సిరీస్ 1877. గడ్డివాముల సిరీస్ 1890-91. డాక్టర్లు ఆయనకి రెండు కళ్ళలోనూ క్యాటరాక్ట్ ఉందని చెప్పింది 1912లో, అంటే సన్‌రైజ్ వేసిన నలభై ఏళ్ళకి! పోనీ జబ్బు అంతకు నాలుగైదేళ్ళ ముందే మొదలైందనుకున్నా, ఈ బొమ్మల్లో ఒక్కటి కూడా ఆ లెక్కలోకి రాదు. ఇంకో సంగతి, ఆ రోజుల్లో ఆయన తోటి చిత్రకారులు రెన్వార్, పిస్సారో, సిస్లీ, బెర్త్ మొరిసో కూడా విడివిడి బ్రష్ దెబ్బలతోనే వేశారు, అందరికీ ఒకేసారి ఒకే కంటి జబ్బు రాదు కదా.

అసలు ఆ కన్ను ఎంత చురుగ్గా పనిచేసేదో తెలుసుకోవాలంటే సన్‌రైజ్ బొమ్మని ఫోన్‌లో తెరిచి బ్లాక్ అండ్ వైట్ చెయ్యండి. అంత ఎర్రగా మండుతున్నట్టున్న సూర్యుడు దాదాపు మాయమైపోతాడు, ఎందుకంటే ఆ నారింజ రంగుకీ చుట్టూ ఉన్న బూడిద రంగు ఆకాశానికీ వెలుతురు స్థాయి ఇంచుమించు ఒకటే, తేడా అంతా రంగులోనే ఉంది. మన మెదడులో వెలుతురు తేడాని పట్టుకునే దారి వేరు, రంగుని పట్టుకునే దారి వేరు, ఒకటి సూర్యుణ్ణి చూపిస్తుంటే ఇంకోటి చూపించదు, అందుకే ఆ సూర్యుడు అలా కంపిస్తున్నట్టు అనిపిస్తాడని కంటిచూపు మీద పనిచేసిన న్యూరోసైంటిస్ట్ మార్గరెట్ లివింగ్‌స్టన్ వివరించారు. రెండు రంగుల వెలుతురుని అంత దగ్గరగా కలపడం మసక కళ్ళవాడి వల్ల అయ్యే పనేనా?

గంటలో ముగించేవాడు అన్నది నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించే మాట. వెలుతురు తొందరగా మారిపోయేది, అది నిజం. పోప్లార్ చెట్ల సిరీస్‌లో ఒక కాన్వాస్‌కి పనికొచ్చే వెలుతురు ఏడు నిమిషాలే ఉండేదని, పక్కనే ఉండి చూసిన చిత్రకారిణి లిల్లా కాబట్ పెర్రీ రాశారు. మరి ఏం చేసేవాడు? ఆ ఏడు నిమిషాలు అవ్వగానే ఆ కాన్వాస్ తీసేసి తర్వాతి వెలుతురుకి పెట్టుకున్న కాన్వాస్ అందుకునేవాడు, మళ్ళీ రేపు అదే టైమ్‌కి అదే వెలుతురు వస్తే మొదటిది తీసేవాడు, ఇలా రోజుల తరబడి ఒక్కో బొమ్మ మీద పొర మీద పొర వేసుకుంటూ పోయేవాడు. ఆ చెట్లని కొట్టేసే టైమ్ వచ్చేస్తే, కొన్నాళ్ళు ఆగమని కలప వ్యాపారికి డబ్బు కూడా ఇచ్చాడు. ఫ్రాన్స్‌లోని రూవాన్ నగరంలో పెద్ద చర్చి ఎదురుగా గది తీసుకుని 1892లో, మళ్ళీ 1893లో కూర్చుని వేశాడు, తర్వాత తానుండే ఊరు జివెర్నీలో స్టూడియోకి తెచ్చుకుని ఇంకా దిద్దాడు, అందుకే వాటి మీద 1894 అని ఉంటుంది, 1895లో గానీ ఇరవై బొమ్మలు జనం ముందు పెట్టలేదు. ఆ చర్చి నీలంగానో గులాబీగానో పసుపుగానో తన మీద కూలిపోతున్నట్టు పీడకలలు వస్తున్నాయని భార్యకి ఉత్తరం రాశాడు పాపం. గంటలో పని ముగించేవాడికి ఇలాంటి కలలు ఎందుకొస్తాయి?

ఇక లండన్. 1899 నుంచి 1901 మధ్య మూడుసార్లు వెళ్ళి, సవోయ్ హోటల్ గదిలోంచి థేమ్స్ వంతెనల్ని, ఎదుటి ఒడ్డున సెయింట్ థామస్ హాస్పిటల్ నుంచి పార్లమెంటు భవనాన్ని వేశాడు. ఊహే అయితే అంత దూరం వెళ్ళక్కర్లేదు. ఒక రోజు లేచి చూస్తే పొగమంచు అస్సలు లేదు, గుండె జారిపోయింది, కాసేపటికి ఇళ్ళల్లో పొయ్యిలు వెలిగి పొగ తిరిగొచ్చాక ఊపిరి పీల్చుకున్నాడు, ఇది 1900లో ఆయనే రాసుకున్న మాట. ఆ రంగులు బొగ్గు పొగలోంచి వచ్చిన ఎండ రంగులు. 2006లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్ళు పార్లమెంటు బొమ్మల్లో సూర్యుడున్న చోటుని లెక్కగట్టి చూస్తే, మోనే ఉత్తరాల్లోని తేదీలతో సరిపోయింది. 2023లో అన్నా లీ ఆల్‌బ్రైట్, పీటర్ హైబర్స్ అనే వాతావరణ శాస్త్రవేత్తలు ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ బొమ్మల్ని, మోనే బొమ్మల్ని కొలిచి చూశారు, గాలిలో కాలుష్యం పెరిగే కొద్దీ బొమ్మల్లో అంచులు మెత్తబడి రంగులు తెల్లబారుతూ వచ్చాయని తేల్చారు. అంటే మసక ఉన్నది కంట్లో కాదు, గాలిలో. నిజమే, లండన్ బొమ్మల్ని కూడా 1904 దాకా స్టూడియోలో దిద్దుకున్నాడు కాబట్టి వాటిని ఫోటోల్లా చూడకూడదు, అది వేరే మాట.

జబ్బు ప్రభావం అసలు లేదని నేను అనట్లేదు. క్యాటరాక్ట్ ముదిరితే కంటి లెన్స్ పసుపు, గోధుమ రంగుకి తిరుగుతుంది, నీలం సరిగ్గా లోపలికి రాదు. 1918 తర్వాత వేసిన జపనీస్ వంతెన బొమ్మల్లో అది కనిపిస్తుంది, ఎరుపు, గోధుమ ముద్దలు ముద్దలుగా ఉండి వంతెన ఎక్కడుందో వెతుక్కోవాలి. వాటిని సన్‌రైజ్ పక్కన పెడితే రెండూ ఒకే కారణంతో వచ్చాయని ఎవరూ అనరు. ఆ రోజుల్లో రంగు ట్యూబుల మీద పేర్లు చూసుకుని, ప్యాలెట్ మీద రంగుల వరస మార్చకుండా పెట్టుకుని పనిచేసేవాడు. 1923లో కుడి కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు, తర్వాత అంతా మరీ నీలంగా ఉందని గొడవ పడి రంగు కళ్ళద్దాలు మార్చి మార్చి చూశాడు, కాస్త కుదురుకున్నాక తామరపూల పెద్ద ప్యానెళ్ళు మళ్ళీ మొదలెట్టాడు, కంటి జబ్బుతో ఉన్నప్పుడు వేసినవాటిలో తనకి నచ్చనివి కొన్ని తనే నాశనం చేశాడు.