నెల్లూరు డ్రూయిడ్ల కైఫీయతు

నెల్లూరు డ్రూయిడ్లు తమ వర్గ చరిత్రను గ్రంథస్థం చేయాలని తీర్మానించారు. ఎప్పుడో జరగవలసిన పని. మన దగ్గర కులానికో చరిత్ర ఉంది, కాలేజీకో ప్రత్యేక సంచిక ఉంది, రొయ్యల చెరువుల వారికి సంఘం ఉంది, సంఘం అన్నాక రజతోత్సవమూ ఉంటుంది. చెట్టూ పుట్టా కాపాడుతూ, అవసరమైతే ఎలుగుబంటిగా మారుతూ, రాత్రి భోజనాలయ్యాక లోకం కోసం ప్రాణాలు ధారపోస్తున్న ఈ వర్గానికి మాత్రం నాలుగు పేజీల చరిత్ర లేదంటే జిల్లాకు ఏమంత గౌరవం?

డ్రూయిడ్లంటే తెలియని పెద్దలకు రెండు మాటలు. తలా ఒక పాత్ర ధరించినట్టు ఊహించుకుని, పాచికలు వేస్తూ, నోటితోనే కథ నడిపించే ఆటలు కొన్ని ఉన్నాయి. వాటికి ఆద్యం 1974లో అమెరికాలో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్. అందులో అడవిని నమ్ముకున్న పూజారి డ్రూయిడ్. 1975 నాటి అనుబంధ గ్రంథంలో ఎదుటి పక్షంవాడిగా ప్రవేశించి, 1976 అనుబంధంలో ఆటగాళ్లు స్వయంగా ధరించే పాత్ర అయిపోయాడు. నిన్న ఎదుటి పక్షంలో ఉన్నవాడు ఏడాది తిరిగేసరికి మన పక్షంలో కుర్చీ వేసుకుని కూర్చోవడం చూసి మన జిల్లావాసులెవరూ ఆశ్చర్యపోలేదు. అతను లోహపు కవచం తొడగడు, తోలూ చెక్కా చాలు. తమ రహస్య భాషను బయటివారికి నేర్పడు. పక్షిగా, పాముగా, మృగంగా మారగలడు.

మన వర్గం మాగుంట లేఅవుట్‌లో ఒక మేడమీది గదిలో ఇరవై ముఖాల పాచికతో పుట్టింది. సభ్యులు చదువులకు చెన్నైకి, ఉద్యోగాలకు బెంగళూరుకు చెదిరిపోయాక కంప్యూటర్‌లోకి కాపురం మార్చింది. ఒకరు వేర్లను పిలిచి శత్రువు కాళ్లు కట్టేశానని టైపు చేస్తారు. ఇంకొకరు గూడకొంగనై ఎగిరానంటారు. ఆట నడిపేవాడు పాచిక చూసి, కట్టేశావో లేదో, ఎగిరావో పడ్డావో తేల్చి చెబుతాడు. ఇదే సంగ్రామం. (గూడకొంగగా మారడం ప్రపంచంలో మరే డ్రూయిడ్ వర్గానికీ తట్టి ఉండదు. గూడకొంగలు గూళ్లు కట్టే నేలపట్టు 2022లో జిల్లా దాటిపోయినా కొంగల మీద హక్కు వదులుకోలేదు మనవాళ్లు.)

చరిత్ర సంఘం తొలి సమావేశంలోనే ధర్మసందేహం లేచింది. ప్రాచీన ఐరోపాలో నిజంగా ఉన్న డ్రూయిడ్ పూజారుల గురించి రోమన్ సేనాని జూలియస్ సీజర్ రాసిపెట్టాడు: వాళ్లు తమ విద్యను అక్షరాల్లో పెట్టరు, పద్యాలు కంఠస్థం చేస్తారు, కొందరు ఇరవై ఏళ్ల పాటు వల్లెవేస్తారు. ఇతర వ్యవహారాలకు గ్రీకు లిపి వాడతారు గాని విద్య దగ్గరికి దాన్ని రానివ్వరు. మరి మనం పుస్తకం వేస్తే మతభ్రష్టులం కామా అని ఒక సభ్యుడు నిలదీశాడు. సంఘం గంభీరంగా ఆలోచించి, ఆ అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా ఇమ్మని కోరింది. ఆయన ఇచ్చాడు. అదే చరిత్రలో మొదటి పత్రం అయింది.

పైగా రాయకపోతే ఏమవుతుందో కూడా ఆ సీజరే నేర్పాడు. గాల్ దేశం (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) మీదికి దండెత్తినవాడే గాల్ డ్రూయిడ్ల గురించి మనకు దక్కిన ముఖ్య సాక్షి. దేవతలకు బలి ఇవ్వడానికి మనుషులను అల్లిక బొమ్మల్లో కూరి తగలబెడతారన్నదీ ఆయన మాటే. ఎదుటివాడి కలానికి మనల్ని వదిలేస్తే ఇంతే సంగతులు. ఈ ప్రాంతంలో ఈ విషయం మరీ బాగా తెలుసు. తెలుగు పద్యం మొట్టమొదట రాతికెక్కింది 848 నాటి అద్దంకి శాసనంలో. ఏమని ఎక్కింది? చాళుక్య సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలు, అంటే బోయల స్థావరాలు, పట్టుకున్నాడని. పోగొట్టుకున్న బోయలు ఏమన్నారో రాయి చెప్పదు. వాళ్ల దగ్గరా ఒక ఉలి ఉండి ఉంటే మన సాహిత్య చరిత్ర వాజ్యంతో మొదలయ్యేది.

కాబట్టి రాయాలి. ఎలా రాయాలి అన్నదానికి మన దగ్గర నమూనాకు కొదవ లేదు. ఈస్టిండియా కంపెనీ కాలంలో కల్నల్ మెకంజీ పంపిన మనుషులు ఊరూరా తిరిగి, కరణాల కవిలెలు విప్పించి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించారు. ఆ పనికి పేరుపడ్డ కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు తమ ఊరివారేనని మన కావలి డ్రూయిడ్ ఒకడు గట్టిగా వాదించాడు. వాళ్లది ఏలూరు, కావలి ఇంటిపేరు అని చెబితే, చరిత్ర సంఘంలో పక్షపాతం ఉందని అలిగాడు. కైఫీయతుకు ఒక పద్ధతి ఉంది. ముందు కృతయుగం, తరువాత అడవి, ఆ అడవి కొట్టి ఊరు కట్టించిన పుణ్యపురుషుడు, ఆ తరువాత మాన్యాల తగాదా. మనవాళ్లకు మూడోది పొసగలేదు, ఎందుకంటే డ్రూయిడ్ అడవి కొట్టరాదు. మాన్యాల తగాదా దగ్గర మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు.

చిక్కంతా సాక్ష్యంతో వచ్చింది. సాక్ష్యం లేకపోవడం కాదు, ఉండటం. ఆటలో టైపు చేసిన ప్రతి మాటా, వేసిన ప్రతి పాచికా గంట, నిమిషం, సెకనుతో సహా ఒక హార్డ్ డిస్కులో భద్రంగా ఉందని, అది తన అల్మరాలో ఉందని ఒక సభ్యుడు అమాయకంగా బయటపెట్టాడు. గదిలో చావు కబురు విన్నంత నిశ్శబ్దం. మెకంజీకి దొరకనిది, శాసనాలు వెతికినవారు కలగనని వస్తువు. అది వీళ్ల చేతికి అందింది, ఏం చేయాలో తోచలేదు.

ఉదాహరణకు వర్గం గర్వంగా చెప్పుకునే మహావృక్ష సంగ్రామం. పరంపరాగత కథనం ప్రకారం ప్రేతసైన్యం పవిత్ర ఓక్ వృక్షాన్ని చుట్టుముట్టిన రాత్రి వ్యవస్థాపక మహాడ్రూయిడ్ ఒంటరిగా తెల్లవారేదాకా నిలిచి పోరాడాడు. కొత్తగా చేరినవారికి ఈ కథ చెప్పే పద్ధతి ఒకటుంది, చెప్పేటప్పుడు లైట్లు ఆర్పుతారు. హార్డ్ డిస్కు ఏమంటుందంటే, సైన్యం కొండ దిగుతుండగా వ్యవస్థాపకుడు "ఒక్క నిమిషం, అన్నానికి పిలుస్తున్నారు" అని టైపు చేశాడు. ఆ తరువాత నలభై ఆరు నిమిషాలు ఆయన పేరు లేదు. మధ్యలో చెట్టు కాలిపోయింది. తిరిగి వచ్చి ఆయన పలికిన వీరవాక్యం "ఏమైంది?"

ఆ రాత్రి ఇంట్లో చేపల పులుసు. ముందురోజుది, అంటే అసలు రుచికి వచ్చినది, మామిడికాయ ముక్కలతో. దాని ముందు కూర్చున్నవాడు ఒక్క నిమిషంలో లేస్తే అతని పుట్టుకనే అనుమానించాలి. నన్నడిగితే ఇది చరిత్రలో స్వర్ణాక్షరాలతో రాయవలసిన ఘట్టం. పంచలింగాల యుద్ధం నుంచి వెనుదిరిగి వచ్చిన ఖడ్గతిక్కనకు ఇల్లాలు స్నానానికి మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద ఉంచిందని చెప్పుకున్న నేల ఇది. మన మహాడ్రూయిడ్ యుద్ధం మధ్యలో లోపలికి వెళితే తల్లి ఇంకో ముక్క వేసింది. ఏడు వందల ఏళ్లలో నెల్లూరు ఇల్లు ఎంత మెత్తబడిందో చెప్పడానికి ఇంతకన్నా ఆధారం ఏ పరిశోధకుడికి దొరుకుతుంది?

సంఘం నా మాట వినలేదు. హార్డ్ డిస్కు విశ్వసనీయతను పరిశీలించడానికి ఉపసంఘం వేసింది. ఉపసంఘం నివేదిక చదివి నేను చేతులెత్తి మొక్కాను. ఆ యంత్రం గడియారం అమెరికా సమయం చూపుతుందట. ఆ లెక్కన అన్నానికి పిలిచింది మధ్యాహ్నం పూట. మధ్యాహ్నం భోజనానికి వెళ్లినవాడు రాత్రి యుద్ధంలో లేడని ఎలా అంటారు? కనుక ఈ ఆధారం సంప్రదాయానికి విరుద్ధం కాదు, అనుబంధం మాత్రమే. విశ్వవిద్యాలయాల్లో ఇంతకన్నా బలహీనమైన వాదానికి పట్టాలిచ్చిన సందర్భాలు ఉండకపోవు.

పదవుల పట్టిక ఇంకో ముడి. 1978 నాటి ఆట నియమావళిలో డ్రూయిడ్ల పైమెట్లు లెక్కపెట్టి ఉంటాయి: పన్నెండో మెట్టుపై తొమ్మండుగురు, ఆపైన ముగ్గురు, అందరిమీదా ఒక్కడే మహాడ్రూయిడ్. పైకి ఎక్కాలంటే ఆ స్థానంలో ఉన్నవాడిని ద్వంద్వయుద్ధంలో ఓడించాలి. చక్కని రాజ్యాంగం. మన జిల్లాలో మాత్రం ఓడినవారెవరూ కిందికి దిగలేదు. ఒకరు గౌరవ మహాడ్రూయిడ్, ఒకరు వ్యవస్థాపక మహాడ్రూయిడ్, ఒకరు మహాడ్రూయిడ్ (పోరాట వర్గం). అనుబంధ చిత్రాల పుటలో అందరూ మహాడ్రూయిడ్లే కావడంతో, కనీసం ఒక్క మామూలు డ్రూయిడ్ ఫొటో సంపాదించమని సంపాదకుడు విజ్ఞప్తి చేశాడు.

ఇక ఒంగోలు శాఖ. 2022లో కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసినప్పుడు అక్కడి డ్రూయిడ్లూ ఇటు వచ్చారు. వాళ్లు అంతకుముందు గెలిచిన యుద్ధాలు ఎవరి ఖాతాలో వేయాలి? ప్రకాశం జిల్లాలో ఉండగా గెలిచారు కాబట్టి మావే అంటుంది ఒంగోలు. అసలు 1970 ఫిబ్రవరి 2న జిల్లా పుట్టేదాకా కందుకూరు మాదే అంటుంది నెల్లూరు. ఆ యుద్ధాలు జరిగిన అడవి రెండు జిల్లాల్లోనూ లేదన్న సంగతి ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి గాని, అది ఇక్కడ అప్రస్తుతం అంటాయి.

ఆర్థిక వనరుల అధ్యాయాన్ని మాత్రం నేను మెచ్చుకున్నాను. వర్గం సర్వర్ అద్దె చాలాకాలం కందుకూరు సభ్యుడే కట్టాడు. వాళ్ల నాన్నకు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ ఉంది. బ్యారన్‌కు కట్టెలు కావాలి, రోజుల తరబడి మంట ఆరకూడదు. అంటే ఊహలోని ఒక్కొక్క చెట్టునూ కాపాడటానికి బయట ఎన్ని సరుగుడు మోపులు పొయ్యిలోకి పోయాయో లెక్క తీయవచ్చు. సంఘం తీయలేదు. "ప్రకృతి ప్రసాదించిన నిధులు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టింది.

పూజావిధానంలోనూ ఇలాంటిదే ఒకటి దొర్లింది. ఓక్ చెట్టు మీద పెరిగే బదనికను తెల్లని వస్త్రం కట్టిన పూజారి బంగారు కొడవలితో కోస్తాడని, కింద తెల్లగుడ్డ పట్టి అందుకుంటారని రోమన్ పండితుడు ప్లినీ రాశాడు. దీన్ని యథాతథంగా ఆచరించాలని, వీలైతే వీడియో తీయాలని సంఘం ఉబలాటపడింది. రాపూరు వైపు మామిడితోట ఉన్న సభ్యుడొకడు బదనిక ఎంత కావాలంటే అంత ఇప్పిస్తానన్నాడు. వెళ్లి చూస్తే వాళ్ల నాన్న లుంగీ పైకి కట్టి, దోటితో కొమ్మకొమ్మకూ బదనిక గుంజి కిందపడేస్తున్నాడు. కాపు తినేస్తోందని తిట్టుకుంటూ, పడినదాన్ని కాలితో గట్టు మీదికి తోస్తున్నాడు. పవిత్ర మూలికను కాస్త మెల్లగా దించండి మామయ్యా అని మహాడ్రూయిడ్ వేడుకుంటే, ఆయన దోటి అతని చేతికిచ్చి, ఆ వరస చెట్లు నువ్వు చూసుకో నాయనా అన్నాడు. రెండు చెట్లయ్యేసరికి మహాడ్రూయిడ్‌కు చెయ్యి లేవలేదు. వీడియోలో ఆయన లేడు, మామయ్య ఉన్నాడు. పుస్తకంలో ఆ బొమ్మ కింద "అజ్ఞాత సాధకుడు" అని వేస్తారట.

ప్రాచీన తాళపత్రం ఒకటి ఉంటే పుస్తకానికి బరువు వస్తుందని ఇప్పుడు కొందరి పట్టు. తప్పేమీ లేదు. దీనికి ఘనమైన పూర్వాచారం ఉంది. వేల్స్ దేశపు ఎడ్వర్డ్ విలియమ్స్, యోలో మోర్గానుగ్ అని పేరు మార్చుకుని, డ్రూయిడ్ల పరంపర తన దాకా తెగకుండా వచ్చిందని ప్రకటించాడు. 1792లో లండన్‌లోని ప్రిమ్‌రోజ్ హిల్ మీద గులకరాళ్లు వృత్తంగా పేర్చి ఉత్సవం జరిపాడు. పాత రాతప్రతులు దొరకనిచోట తానే రాసి పెట్టాడు. ఆయన పోయాక చాలాకాలానికి గాని పండితులు ఆ కల్పనను తేల్చలేకపోయారు. తేలినా ఆ ఉత్సవం ఆగలేదు, వేల్స్ సాహిత్య మహాసభల్లో నేటికీ జరుగుతోంది. వృత్తి రీత్యా ఆయన రాళ్లు చెక్కేవాడు. చీమకుర్తిలో పుట్టి ఉంటే ఈపాటికి మనకు గ్రానైట్ శాసనాలే ఉండేవి.

1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు కాబట్టి డ్రూయిడ్ చరిత్ర కూడా మూడుకు తగ్గరాదని నిర్ణయం జరిగింది. మొదటి రెండూ పీఠికలతో నిండిపోయాయి. మూడోది శత్రువుల గురించి. నిష్పాక్షికత కోసం ప్రేతమాంత్రికుల వర్గం వాదన కూడా తీసుకోవాలని చరిత్ర సంఘం సంచాలకుడు పట్టుబట్టాడు, నలభై ప్రశ్నల పత్రం తయారు చేశాడు. ఎవరికి పంపాలని ఆరా తీస్తే తెలిసింది: జనం తక్కువైన రాత్రుల్లో శత్రువులు చాలక, డ్రూయిడ్లే రెండో పేరుతో అటువైపు కూడా ఆడేవారు. ఓక్ వృక్షాన్ని తగలబెట్టిన ప్రేతరాజు సంచాలకుడే.

ప్రశ్నపత్రాన్ని ఆయన తనకు తాను రిజిస్టర్డ్ పోస్టులో పంపుకున్నాడు. గ్రూప్-2 పరీక్ష ఉంది గనుక సమాధానాలకు గడువు కావాలని ప్రేతరాజు హోదాలో అర్జీ పెట్టుకున్నాడు. సంచాలకుడి హోదాలో పదిహేను రోజులు మంజూరు చేశాడు. పదహారో ప్రశ్న ఉద్దేశపూర్వకంగా అవమానించేలా ఉందని, దాన్ని ఉపసంహరించుకోకపోతే మిగతావాటికీ జవాబివ్వనని నిన్న నోటీసు అందిందట.