అడుగుల లెక్క గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ మణికట్టు పట్టీలో కొలువున్న అడుగుల లెక్క గారి సముఖానికి,

నెల్లూరులో భౌతిక శాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికే ఒక పంతులు రాసుకునే అర్జీ.

మనిషి కదిలాడా లేదా అని తీర్పు చెప్పే అధికారం ఈమధ్య తమరికి దక్కింది. ఎవరిచ్చారో తెలియదు గాని, దక్కింది. పెళ్ళి పందిట్లో కుశలప్రశ్నలు పోయి "నిన్న ఎన్ని అడుగులు?" అనే పలకరింపు వచ్చింది. పదివేలు దాటినవాడు పక్కవాడి బొజ్జ వైపు చూసే చూపులో ఉన్నంత గర్వం యాగం ముగించిన సోమయాజికి కూడా ఉండి ఉండదు. ఇంతకీ ఆ పదివేలు ఏ వైద్యుడు రాసిచ్చిన మోతాదు? 1964లో టోక్యో ఒలింపిక్స్ జరిగాయి, జపాన్ జనానికి వ్యాయామం మీద మోజు పుట్టింది, 1965లో నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి బజారుకు వచ్చింది. దాని పేరులోనే పదివేలు ఉంది. సరుకు అమ్ముకోవడానికి పెట్టిన ఆ అంకె కోసం ఇవాళ మావాళ్ళు రాత్రి పదింటికి పడకగదికీ వంటగదికీ మధ్య పచార్లు చేస్తున్నారు.

తమరి లోగుట్టు నాకు తెలుసు. కడుపులో ఒక చిన్న సిలికాన్ ముక్క, అందులో సన్నటి స్ప్రింగుల మీద వేలాడే బరువు. చెయ్యి విసిరినప్పుడల్లా జడత్వం వల్ల ఆ బరువు వెనకబడుతుంది. ఆ వెనకబాటును కొలిచి త్వరణం అంటారు, అది ఒక లయలో వస్తే అడుగు అంటారు. అంటే తమరు చూసేది నడకను కాదు, చేతి ఊపును. చలనం పాఠంలో ఊగే డోలనం వరకే చదివి, చోటు మారే స్థానాంతర చలనం, గిర్రున తిరిగే భ్రమణ చలనం చెప్పిన రోజున తమరు బడి ఎగ్గొట్టినట్టున్నారు.

ఫలితం చూడండి. భజనలో హుషారుగా తాళం వేసినవాడికి అడుగులు పడతాయి. గతుకుల దారిలో ఉదయగిరి బస్సెక్కి కునుకు తీసినవాడికీ నాలుగు పడితే ఆశ్చర్యం లేదు. బిందెను నడుము మీద పెట్టుకుని, చెయ్యి దాని మెడకు బిగించి, కుళాయి నుంచి ఇంటిదాకా నడిచిన ఇల్లాలికి మాత్రం కోత. ట్రంకురోడ్డులో అరటిపళ్ళ బండి తోసేవాడి రెండు చేతులూ పిడి మీదే ఉంటాయి, ఊగవు. కనుక ఊరంతా తిరిగినా తమరి చిట్టాలో అతను సోమరి.

చిన్నబజారులో మా దర్జీ కొడుకు తండ్రి చేతికి తమరిని కట్టాడు. ఆయన పాదాలు మిషను తొక్కుడు పలకను ముందుకీ వెనక్కీ ఊపుతాయి. ఆ డోలనం కింది చక్రాన్ని తిప్పుతుంది, చక్రం బెల్టును లాగుతుంది, పైన సూది నిలువునా లేచి పడుతుంది, గుడ్డ సరళరేఖలో ముందుకు జరుగుతుంది. ఏడో తరగతిలో నేను వారం రోజులు చెప్పే పాఠమంతా ఆ నాలుగడుగుల చోటులో జరుగుతోంది. గుడ్డను వంకర పోనివ్వకుండా పట్టుకునే మణికట్టు ఒక్కటే నిలకడగా ఉండాలి. తమరు కూర్చున్నది సరిగ్గా అక్కడే. సాయంత్రానికి జాకెట్లు కుట్టి మోకాళ్ళు పట్టేసిన మనిషికి తమరు పంపిన సందేశం: "చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు, కాస్త కదలండి."

అటు పొద్దున్నే స్టేడియంలో గుండ్రంగా తిరిగేవారికి తమరు పతకాలు పంచుతారు. బయలుదేరిన గేటు దగ్గరికే చేరారు గనుక నా పాఠం ప్రకారం వారి స్థానభ్రంశం సున్నా. ఆ పక్కనే కారం దోసె తినే కార్యక్రమం ఉంటుంది, దాని సంగతి ఇక్కడ వద్దు.

అయినా నడక అంటే ఏమిటో తమరెప్పుడైనా ఆలోచించారా? తుంటి దగ్గర బంతి గిన్నె కీలు, మోకాలి దగ్గర మడత బందు కీలు. రెండింటికీ తిరగడమే తెలుసు, తిన్నగా సాగడం తెలియదు. కాలు లోలకంలా ఊగి, తుంటి దగ్గర ఇంత, మోకాలి దగ్గర ఇంత తిరిగితే, ఆ తిరుగుళ్ళన్నీ కలిసి మనిషిని తిన్నగా ముందుకు తీసుకుపోతాయి. భ్రమణాలను కూడితే స్థానాంతరం రావడం నాకు ఇప్పటికీ వింతే. కదలకుండా పడుకున్నవాడి లోపలా విశ్రాంతి లేదు. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఆరు మీటర్ల చిన్నపేగు అలలుగా ముడుచుకుంటూ రాత్రి తిన్న చేపల పులుసును ముందుకు నెడుతుంది.

తమరి విద్య కొత్తదీ కాదు. మా లోపలి చెవిలో జిగురు పొర మీద సున్నపు స్ఫటికాలు ఉన్నాయి. తల ముందుకు కదిలితే అవి వెనకబడతాయి, కింది రోమ కణాలు వంగి మెదడుకు కబురు పంపుతాయి. తమరి స్ప్రింగు బరువు చేసే పని అదే. పైగా తిరుగుడు పట్టుకోవడానికి ద్రవం నిండిన మూడు అర్ధవర్తుల కుల్యలు వేరే ఉన్నాయి. తిరునాళ్ళలో రంగులరాట్నం ఆగాక కూడా ఆ ద్రవం ఆగదు, అందుకే ఆ తూలడం. సమవేగం మాత్రం మా చెవికీ తెలియదు, తమరికీ తెలియదు. నెల్లూరులో వాలుకుర్చీలో పడుకున్నవాడిని భూభ్రమణం గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వడితో తూర్పుకు మోసుకుపోతోంది. తమరి తెర మీద: సున్నా.

ఒక్కసారి ప్రకాశం జిల్లాలో బండలాగుడు పోటీకి రండి. ఒంగోలు ఎడ్లు కాడికి మెడలు ఆనించి గిట్టలు నేలలో దిగేసిన క్షణం చూడండి. కదలనివ్వకుండా నేలకు పట్టి ఉంచే స్థైతిక ఘర్షణను బండ ఇంకా గెలవలేదు, వెంట్రుకవాసి కూడా జరగలేదు. స్థానభ్రంశం లేదు గనుక బండ మీద జరిగిన పని సున్నా అని నా శాస్త్రమూ అంటుంది, దాని మొండితనం దానిది. కానీ ఆ కండరాల్లో మయోసిన్ అనే ప్రొటీన్ తలలు యాక్టిన్ అనే మరో ప్రొటీన్ తీగలను పట్టి, వదిలి, మళ్ళీ పట్టి శక్తిని ఖర్చు చేస్తూనే ఉన్నాయి. రొప్పుతున్న ఎద్దుకు మీ "కాస్త కదలండి" సందేశం పంపి చూడండి. కొమ్ములకు అందనంత దూరంలో నిలబడి పంపండి.

నా కోరిక పెద్దది కాదు. తమరి తెర మీద "అడుగులు" అన్న చోట "చేతి ఊపులు" అని రాయించండి. దర్జీకి క్షమాపణ పంపండి. జవాబు ఇవ్వదలచుకుంటే మాత్రం మణికట్టు మీద కంపించి చెప్పవద్దు, దాన్ని కూడా నా ఖాతాలో అడుగుగా వేసుకుంటారేమోనని అనుమానం.

ఇట్లు,
తమరి లెక్కలో బద్ధకస్తుడు